చేత్తో కలిపిన పచ్చడి

ఒమాన్‌లోని సోహార్‌లో మా రూమ్‌కి ఏడేళ్లుగా వంట నాదే. ఎనిమిది మందిమి. డ్యూటీ నుంచి ఎంత అలసిపోయి వచ్చినా పచ్చిమామిడి తురిమి, ఉల్లిపాయ తరిగి, కారం వేసి చేత్తో పిసికి కలిపేవాణ్ణి. చెంచాతో కలిపితే అది పచ్చడే కాదని నా పొగరు. అందులో పెద్ద వాటా కడప నుంచి వచ్చిన ఖాదర్‌వలిది. గిన్నె అడుగున అన్నం కలిపి ముద్ద పెడితే చిన్నపిల్లాడిలా నోరు తెరిచేవాడు.

మార్చిలో వాడు సైట్‌లో ఫిట్స్ వచ్చి పడిపోయాడు. స్కాన్ తీస్తే మెదడులో మూడు చోట్ల పురుగు బుడగలున్నాయి. పందిమాంసం నుంచి వచ్చే బద్దెపురుగట అని ఎవరో అన్న మాట కంపెనీ బస్సంతా పాకింది. ఐదు పూటలా నమాజు చేసే మనిషి. దొంగచాటుగా తిన్నాడని నవ్వారు. జబ్బు కంటే ఆ నవ్వే వాణ్ణి ఎక్కువ కుంగదీసింది. నవ్విన ఇద్దరిని నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

తర్వాత ఆరోగ్య శాఖ నుంచి ఒక డాక్టరమ్మ రూమ్‌కి వచ్చి హిందీలో వివరంగా చెప్పింది. ఈ దేశంలో ఈ జబ్బు చాలా అరుదు, ఎక్కువగా బయటి నుంచి వచ్చేవాళ్లతోనే వస్తుంది, అందుకే ప్రతి రోగినీ రాసుకుని ఎవరి నుంచి అంటిందో వెతుకుతారట. మెదడుకు పాకేది మాంసం తిన్నందుకు కాదు. పురుగు కడుపులో ఉన్నవాడు దొడ్డికి వెళ్లొచ్చి చెయ్యి సరిగా కడుక్కోకపోతే, దాని గుడ్లు ఆ చేతి నుంచి ఇంకొకరి నోట్లోకి పోతాయి. ఉడికితే చస్తాయి, పచ్చివాటిలో చావవు. ఆమె చెబుతుంటే నేను నా గోళ్లు చూసుకున్నాను. సెలవుకు జగిత్యాల వెళ్లిన ప్రతిసారీ మా ఇంట్లో పందికూర వండుతారు, ఇష్టంగా తింటాను.

అందరికీ మలపరీక్ష చేశారు. నా ఒక్కడిలోనే పురుగు తేలింది. పక్కకు పిలిచి చెప్పి, నా పేరు ఎవరికీ చెప్పబోమన్నారు. ఒక్కసారి మందు మింగాను, అంతే, నాకు నయమైపోయింది. వాడికి మాత్రం ఫిట్స్ గోళీలు ఏళ్ల తరబడి. పరంజా ఎక్కేవాడికి ఫిట్స్ ఉంటే కంపెనీ ఉంచుకోదు. వేరే పని ఇమ్మని ఎంత బతిమిలాడినా వినలేదు, అన్‌ఫిట్ అని రాసి టికెట్ ఇచ్చేశారు.

వెళ్లే రోజు పొద్దున వాడి పెట్టెకు తాడు కడుతూ ఇక ఉండబట్టలేకపోయాను.

"ఆ పురుగు నా కడుపులది తమ్మీ. నా చేతికెల్లే నీకు అంటింది."

వాడు నా చేతిలోంచి తాడు తీసుకుని ముడి తానే బిగించాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"అట్లయితే నేను తినలేదని బస్సులో అందరికీ ఒక మాట చెప్తావాన్నా?" అన్నాడు.

చెప్తానని వాడి చెయ్యి పట్టుకుని మాటిచ్చాను.

నాలుగు నెలలైంది. రోజూ రెండుసార్లు ఆ బస్సెక్కుతున్నాను. వాడి పేరు వస్తే ఇప్పటికీ నవ్వుతున్నారు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి కిటికీలోంచి బయటకు చూస్తాను. రూమ్‌లో వంట ఇంకా నాదే. పచ్చడి చెంచాతో కలుపుతున్నాను, రుచి పోయిందని అందరూ గొణుగుతున్నారు.