ఫరహత్ వండిన కుక్కగొడుగులు

సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. డోర్నకల్‌కు బస్సులు రావడం లేదు, బడులు మూతపడ్డాయి. టీచరు ఫరహత్ ఇంట్లోనే ఉంటోంది. ఆమె భర్త అబ్దుల్ బారీ మంచం పట్టి అప్పటికి మూడు నెలలు.

బారీ దర్జీ. ఊరేగింపులకు జెండాలు ఉచితంగా కుట్టిచ్చేవాడు. ప్రాణస్నేహితుడు గోవర్ధన్ తెలంగాణ కోసం ప్రాణం తీసుకున్నప్పటి నుంచి మిషను ముట్టలేదు. వరంగల్ డాక్టరు రెండుసార్లు మందు మార్చినా గుణం కనిపించలేదు.

"నన్ను ఇడిసిపెట్టు ఫరహత్. నా లోపల ఏం మిగల్లే" అన్నాడొకసారి. ఆ రోజు నుంచి ఆమె అతన్ని ఒంటరిగా వదల్లేదు.

ఒక పాత పేపర్లో చిన్న వార్త కనిపించింది. ఒక రకం పుట్టగొడుగులోని పదార్థంతో క్యాన్సర్ రోగుల దిగులు తగ్గుతుందేమోనని విదేశాల్లో పరీక్షిస్తున్నారట. ఏ రకమో రాయలేదు. ఫరహత్ దాన్ని పదిసార్లు చదివింది.

వాన వెలిసిన పొద్దున, అత్త కుబ్రా బీని బారీ దగ్గర కూర్చోబెట్టి చేలగట్లకు పోయింది. పుట్టగొడుగులు ఏరి అమ్ముకునే ఓదెమ్మ, ఫరహత్ కొంగులో ఏరుకున్న గొడుగులను చూసింది.

"గవి కుక్కగొడుగులు బిడ్డా! పానం తీస్తయి."

"మనసుకు మందంట అవ్వా."

"మందైతే మేకలెందుకు ముడ్తలేవు?"

ఫరహత్ వినలేదు. వండి, గిన్నెలో పెట్టుకుని బారీ గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయింది. ముందు తనే తిని చూడాలనుకుంది. తినేసింది.

కాసేపటికి కడుపులో మెలిపెట్టింది. వాంతులు ఆగలేదు. గోడలు ఊగాయి. కుబ్రా బీ కేకకు బారీ లేచి వచ్చాడు. ఆటోలు లేవు. పక్కింటి తోపుడుబండి మీద భార్యను పడుకోబెట్టి, చెప్పులైనా వేసుకోకుండా తోసుకుంటూ వెళ్లాడు. దారిలో రెండుసార్లు పడ్డాడు.

దవాఖానలో డాక్టర్ సుజాత ఫరహత్ కడుపు కడిగించింది. మర్నాడు తేరుకున్నాక ఫరహత్ ఆ వార్త గురించి చెప్పింది.

"పరిశోధన నిజమేనమ్మా. అక్కడ తూకమేసి ఇస్తరు, గంటలకొద్దీ పక్కన మనుషులు కూసుంటరు. నువ్వు తిన్నదేందో నీకే తెల్వదు."

"మనకు ఎప్పుడొస్తది మేడం?"

"పదేండ్లో, ఇరవయ్యో. అసలొస్తదో రాదో."

"అప్పటిదాక ఆయన ఉండాలె కదా!"

డాక్టరు చీటీ తీసి రాయసాగింది. "ఇంకో మందున్నది, చూద్దాం. వారం వారం తీస్కరా. నడిపించుకొనైనా సరే."

గుమ్మంలో నిలబడ్డ బారీ పాదాలు చీరుకుపోయి ఉన్నాయి. "భయమైంది ఫరహత్," అన్నాడు. "ఇన్ని దినాలకు నాకు లోపల ఏదో ఒకటి అనిపించింది."

ఆ మాట పట్టుకుని ఆమె వారం గడిపింది. అతను మాత్రం ఇంటికి రాగానే మళ్లీ గోడవైపు తిరిగాడు.

"జర లేవుండ్రి, దవాఖానకు పోవాలె."

కదల్లేదు. నాలుగోసారి పిలిచినప్పుడు చెయ్యి చాచాడు. ఫరహత్‌కు ఇంకా బలం చిక్కలేదు. అత్తను పిలిచింది. ఇద్దరూ కలిసి లేపి నిలబెట్టారు.