మనవాళ్లే

పొద్దున్నే ఆస్పత్రి ల్యాబ్‌లో రిపోర్టులన్నీ పాడైపోయాయి. ఏ ఫైలు తెరిచినా పిచ్చిరాతలే. మధ్యాహ్నానికల్లా ఆపరేషన్లు వాయిదా పడ్డాయి.

ఆస్పత్రిలో నెట్‌వర్క్ చూసేవాడికి నలభై నిండినా అందరికీ అతను తమ్ముడే. ల్యాబ్ టెక్నీషియన్‌కి సొంత తమ్ముడు మరి! పాడైంది ల్యాబ్‌లోనని వినగానే అతనికి అక్క ల్యాప్‌టాప్ గుర్తొచ్చింది.

డైరెక్టర్ మాత్రం ఫైర్‌వాల్ చూసే ఆవిడ మీద విరుచుకుపడ్డాడు. "గేటు నీది కదమ్మా! దొంగ ఎట్లా వచ్చాడు? సాయంత్రంలోగా జవాబు చెప్పు, లేదా రేపట్నుంచి రాకు."

"నా గేటు దాటి ఏదీ రాలేదు సార్. రాకపోకలు నమోదయ్యే లాగ్‌లన్నీ చూశాను," అందావిడ.

నిజమే. ఫైర్‌వాల్ ప్రహరీ గేటు లాంటిది, బయటినుంచి వచ్చేపోయేవాటినే చూస్తుంది. ఎవరైనా సంచీలో తెచ్చి లోపల విప్పితే దానికేం తెలుస్తుంది? అందుకు రెండో కాపలా ఉంది, నెట్‌వర్క్ యాక్సెస్ కంట్రోల్. ఏ యంత్రం తీగ తగిలించినా నువ్వెవరు, నీ అప్‌డేట్లు సరిగ్గా ఉన్నాయా అని గది గుమ్మంలోనే నిలదీస్తుంది. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడు, అందుకే ఇది" అని ఊదరగొట్టింది తమ్ముడే.

మూడు వారాల క్రితం అది అక్క పాత ల్యాప్‌టాప్‌ని ఆపేసింది.

"ఒరేయ్, నీ కాపలావాడు నన్నే ఎవరంటాడేంట్రా? నిన్ను చంకనేసుకుని తిప్పిన దాన్ని! బయట జనం బారులు తీరారు."

నవ్వేసి, ఆ ల్యాప్‌టాప్‌ని మినహాయింపుల జాబితాలో చేర్చాడు. కారణం అన్న చోట 'మనవాళ్లే' అని రాశాడు. సోమవారం సరిచేద్దామనుకున్నాడు. సోమవారాలు మూడు గడిచాయి.

ఇప్పుడు ఆ ఒక్క లైను తీసేస్తే ఎవరికీ తెలియదు. జాబితా చూసేవాడు తనొక్కడే. కంచే చేను మేయడమంటే ఇదేనని అతనికి సిగ్గేసింది. లేచి ల్యాబ్‌కి వెళ్లాడు.

అక్క రిపోర్టులు చేత్తో రాస్తోంది. తల ఎత్తకుండానే అంది, "రాత్రి ఇంట్లో ఈ ల్యాప్‌టాప్‌కి పిల్ల పెన్‌డ్రైవ్ పెట్టాన్రా. దాంతోనేనా?"

"అయ్యుండొచ్చక్కా."

"నా ఉద్యోగం పోతుందా?"

"పోవచ్చు. నాది కూడా. జాబితాలో నీ లైను తీసేస్తే పోయేది ఫైర్‌వాల్ ఆవిడది."

అక్క పెన్ను ఆగింది. కళ్లు నిండాయి, కోపం కూడా వచ్చింది. "నన్నంత నమ్మమని ఎవరు చెప్పార్రా నీకు? నాలుగు తిట్లు తిట్టి వెనక్కి పోయేదాన్ని కదా!"

అతను జాబితా ప్రింటు తీసుకుని డైరెక్టర్ గదికి వెళ్లాడు. ఫైర్‌వాల్ ఆవిడ ఇంకా నిలబడే ఉంది.

డైరెక్టర్ వేలు ఆ లైను మీద ఆగింది. "మనవాళ్లే అని ఉంది. ఎవరయ్యా ఈ మనవాళ్లు?"

"మనవాళ్లు కాదు సార్," అన్నాడు తమ్ముడు. "నావాళ్లు. రాసింది నేనే."