సామ్యేల్ నల్లపెట్టె

మా పక్కింటి సామ్యేల్ స్నానాలగదిలో శవపేటిక పెట్టినప్పటి నుంచి అతని భార్య మార్తమ్మ మా ఇంట్లో స్నానం చేస్తోంది. ఆమె నన్ను అన్నా అని నోరారా పిలుస్తుంది. సామ్యేల్, నేను గనిలో ఒకే షిఫ్టులో పనిచేసి రిటైరైనవాళ్లం. కాబట్టి కాదనలేను. కానీ నా ఇంట్లో నా బాత్‌రూం ముందు నేనే తువ్వాలు భుజాన వేసుకుని నిలబడాల్సి రావడం మాత్రం నాకు ఒళ్లుమండే సంగతి.

ఆ పెట్టె ఎవరి కోసమో కాదు, తన కోసమే. సామ్యేల్ గనిలో పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టినవాడు. ఆ మధ్య వాళ్ల చర్చికొచ్చే ఒకాయన పోతే, కొనుక్కొచ్చిన పెట్టె సమాధి దగ్గర అడుగు ఊడింది. పాట మధ్యలో ఆగిపోయింది. ఆ రోజు సామ్యేల్ అన్నం ముట్టలేదు.

"బతుకంత కట్టెతోని పనిచేసి, నేను గసొంటి ప్లైవుడ్ డబ్బల పోవాల్నా బావా?" అన్నాడు.

మామూలు టేకు పెట్టె చేసుకుని ఊరుకుంటే అతను సామ్యేల్ ఎందుకవుతాడు? ఉద్యోగంలో ఉండగా, కొత్త యంత్రం పని నేర్చుకు రమ్మని అతణ్ని జపాన్ పంపారు. యంత్రం సంగతి దేవుడెరుగు, తను బస చేసిన ఇంటి పక్కనుండే మొరియామా అనే ముసలాయన దగ్గర లక్క పూయడం నేర్చుకొచ్చాడు. ఆ ముసలాయనది తరతరాలుగా లక్క పూసే ఇల్లు. తాత పూసిన గిన్నెలోనే రోజూ అన్నం తినేవాడట. బియ్యం కూడా లక్క పెట్టెలోనే, పురుగు పట్టదట. కొడుకు కార్ల కంపెనీలో చేరిపోయాడు. నేర్చుకుంటామని వచ్చినవాళ్లు పచ్చి లక్క తగిలితే వచ్చే దద్దుర్లకు భయపడి పారిపోయారు. మన సామ్యేల్ మొహం గుమ్మడికాయలా ఉబ్బినా, మర్నాడు మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. తప్పు పూస్తే ముసలాయన చేతి మీద ఒక్కటి వేసేవాడు. బాగా పూస్తే వేసేవాడు కాదు. అదే మెచ్చుకోలు.

ఈమధ్య మొరియామా పోయాడు. మిగిలిన ఆఖరి లక్క డబ్బాను ఆయన కూతురు సామ్యేల్‌కు పార్సిల్ చేసింది. తండ్రి తర్వాత కొడుక్కు గనిలో ఉద్యోగం రావడం మా గోదావరిఖనిలో అందరికీ తెలుసు. గురువు తర్వాత శిష్యుడికి డబ్బా రావడం మాత్రం అదే మొదలు. సామ్యేల్ దాన్ని పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఈ జపాన్ లక్క మన గాజుల లక్క కాదు, అదొక చెట్టు పాలు. పచ్చిగా తగిలితే నల్లజీడి తగిలినట్టే చర్మం పొక్కుతుంది. ఎండలో ఆరదు, తేమలోనే గట్టిపడుతుంది. మా ఎండల్లో తేమ ఎక్కడిది? అందుకే స్నానాలగది, గోడలకు తడి గోనెసంచులు. ఒక పూత గట్టిపడ్డాక నున్నగా రుద్ది, మళ్లీ పూత. చూస్తుండగానే ఆ పెట్టె నల్లటి అద్దమైంది. మా ఆవిడ శోభ అందులో చూసుకుని బొట్టు సరిచేసుకుంటే నేనే కసిరాను.

ఇక ఆఖరి పూత అనుకున్నాక మూత మీద వేలిముద్ర పడింది. సామ్యేల్ రుద్ది మళ్లీ పూశాడు. మళ్లీ పడింది. బల్లిని తిట్టాడు, పిల్లిని తరిమాడు. పూసినప్పుడల్లా ముద్ర, ముద్ర పడినప్పుడల్లా మళ్లీ పూత. డబ్బా అడుగంటుతోంది. ఇంకో డబ్బా పంపడానికి గురువు లేడు.

చివరికి ఒక పొద్దున నన్ను, శోభను, పాలుపోసే ఆగయ్యను వాకిట్లో నిలబెట్టాడు.

"పచ్చి లక్క ముట్టినోని వేలు పొక్కకుంట ఉండది. చేతులు చూపియ్యుండ్రి."

నా ఖర్మకొద్దీ నా బొటనవేలి పక్కన తామర ఉంది.

"దొరికినవ్ బావా!"

"గది తామర! దవాఖాన మందు రాస్తున్న, కావాల్నంటే వాసన సూడు. అయినా నీ పెట్టెతోని నాకేం పని? మేం కాల్చుకునేటోళ్లం!"

ఆగయ్య నవ్వాపుకోలేక పాల క్యాను వెనక దాక్కున్నాడు. ఇంతలో మార్తమ్మ చాయ్ తెచ్చింది. ఆమె బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఏమైందే వేలికి?" అన్నాడు సామ్యేల్.

"కూర కోస్తుంటే తెగింది."

"విప్పు."

"చాయ్ సల్లారుతది, తాగు."

సామ్యేలే గుడ్డ విప్పాడు. వేలంతా నీటిపొక్కులు.

"నువ్వానే? నేను మంచిగ పోవాల్నని లేదా నీకు?"

"నువ్వు పోవాల్ననే లేదు నాకు." అంది మార్తమ్మ. "లేస్తే పెట్టె, పంటే పెట్టె. అయిపోయిననాడు అండ్ల పండి సూస్తవు. మంచిగుందంటవు. ఇగ లేస్తవో లేవవో అని నాకు భయం."

సామ్యేల్ చెయ్యి పైకి లేచింది. గురువు దగ్గర నేర్చుకున్నది ఇదేనేమోనని నేను అడ్డం పోబోయాను. ఆ చెయ్యి గూట్లోంచి కొబ్బరినూనె సీసా తీసింది. అతను ఆమె వేలికి నూనె రాస్తుంటే నేను భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాను. చాయ్ వేడిగా ఉందని చెప్పాను.

డబ్బాలో మిగిలినదంతా గీకి ఆఖరి పూత పూశాడు. ఈసారి ఏ ముద్రా పడలేదు. పెట్టె స్నానాలగదిలోంచి ముందుగదిలోకి వచ్చింది. నాకు నా బాత్‌రూం దక్కింది. గల్లీ అంతా వచ్చి చూసి పోయింది.

మర్నాడు పక్కింట్లోంచి సామ్యేల్ కేక వినపడితే పరుగెత్తాను. మార్తమ్మ ఆ పెట్టెలో బియ్యం బస్తా గుమ్మరిస్తోంది.

"ఏందే గిది!"

"బియ్యం. పురుగు పట్టదని నువ్వే అంటివి గద." ఆమె చీపురుతో చివరి గింజ కూడా లోపలికి ఊడ్చింది. "ఇది నిండుగున్నన్ని దినాలు నీకు అండ్ల పండెటందుకు జాగ లేదు."

సామ్యేల్ నావైపు చూశాడు. నేను బల్లి కోసం వెతుకుతున్నట్టు గోడవైపు చూశాను.

ఇప్పుడు పెట్టెలో బియ్యం కాస్త తగ్గితే చాలు, మార్తమ్మ చెప్పకముందే సామ్యేల్ సంచి పట్టుకుని బజారుకు పోతాడు.