బెరడు బిగుతు

బస్సు రావడానికి ఇంకా రెండు గంటలుంది. దర్జీ బస్టాండు బెంచీ మీద పెట్టెకి కాపలా కూర్చున్నాడు. రేపటినుంచి ఎలాగూ కాపలా పనే కదా, అలవాటవుతుందిలే అనుకున్నాడు. అందరూ రెడీమేడ్ బట్టలకు మరగడంతో ముప్పై ఏళ్ళ కొట్టు మూతపడింది. బావమరిది తన ఫ్యాక్టరీ గేటు దగ్గర ఉద్యోగం చూపించాడు. సాయంత్రంలోగా వెళ్ళకపోతే అది ఇంకొకరికి పోతుంది. తలుచుకుంటే ఏడుపొస్తోంది.

రోడ్డవతల చెట్ల తోట గేటు మీద 'ప్రవేశం ఉచితం' అని రాసుంది. ఒక్కసారి చూసొద్దామని భార్య మూడోసారి అడిగింది. చెట్లు మనూళ్ళో లేవా, ఊరికే ఇస్తే ఫినాయిలైనా తాగేలా ఉన్నావని ఆయన విసుక్కున్నాడు. పైగా మోకాళ్ళ నొప్పులు, పైగా బస్సు ముందే వచ్చేస్తే? ఆవిడ సంచులు రెండూ భుజాన వేసుకుని రోడ్డు దాటేసింది. చేసేదేముంది, పెట్టె పట్టుకుని ఆయనా కదిలాడు.

లోపల ప్రతి చెట్టుకీ పేరు రాసిన రేకు బిళ్ళ ఉంది. ఒక పెద్ద చెట్టు ఆయాసపడుతోంది. దాని పక్కన తోటమాలి దిగులుగా నిలబడి ఉంది.

"బెరడు బిగుతైపోయిందండీ. ఈ ఏడు బాగా లావెక్కింది," అందావిడ. "మా దర్జీ పోయి ఆరు నెలలైంది. ఇంకెవరూ దొరకలేదు."

దర్జీ విననట్టే ముందుకు నడిచాడు. నాలుగడుగులు వేశాడో లేదో, మనసొప్పలేదు. వెనక్కొచ్చి బెరడు తడిమితే పక్కవైపు కుట్టు దొరికింది. లోపల రెండంగుళాల మడత. పిల్లల లాగులకు వదిలినట్టు, పెరుగుతుందని ముందే వదిలాడు. పోయినాయన పనిమంతుడే.

"దబ్బనం ఉందా?" అని అడిగాడు.

పాత కుట్టు విప్పి, మడత వదిలి, కొత్త కుట్టు వేసేసరికి చాలాసేపే పట్టింది. చెట్టు నిండుగా ఊపిరి పీల్చుకుంది. పక్క చెట్టు మొహమాటంగా దగ్గింది. దాని వెనక ఇంకోటి.

బస్టాండులో బస్సు హారను మోగింది. దర్జీ భార్య వైపు చూసి, బావమరిదికి ఏం చెప్పాలన్నాడు.

ఆవిడ అప్పటికే సంచులు గడ్డి మీద దించి, కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చుంది.

"మా తమ్ముడికి నేను చెప్తాలెండి. మీరు కొలతలు చెప్పండి, రాసుకుంటాను."

దర్జీ దగ్గుతున్న చెట్టు నడుం చుట్టూ టేపు తిప్పాడు. సంతోషంలో మొదటి కొలత తప్పు చదివాడు. ఆవిడ కొట్టేసి మళ్ళీ రాసుకుంది.