ఎడమ మర

కొట్టడం కోసమే పుట్టిన వస్తువుకు దేవుడి దగ్గర చోటుంటుందా అన్న సందేహం నన్ను నాలుగేళ్లుగా వదలలేదు. నేను ముప్పై ఏళ్లుగా ఇనుము చెక్కే లేతు మిషన్ మీద బతుకుతున్నవాణ్ణి. నీళ్ల పంపులకు ఇరుసులు తిప్పాను, నడవలేనివాళ్ల కుర్చీలకు బుష్షులు చేశాను. పొద్దున్నే మిషన్‌కు దణ్ణం పెట్టుకున్నాకే మీట నొక్కడం అలవాటు. రోబోలు ఒకదాన్నొకటి కొట్టి విరగ్గొట్టుకునే పోటీకి మా మరదలు తన రోబో కోసం ఉక్కు బిళ్ల బొమ్మ గీసి తెచ్చాక, ఆ పని ఉన్న రోజుల్లో మాత్రం దణ్ణానికి చెయ్యి లేవలేదు. ఏమని అడగను? ఎదుటివాళ్ల కష్టం ముక్కలు కావాలనా?

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. మోటార్లకు తీగ చుట్టే షాపు నడుపుతుంది. ఆమె రోబో పేరు పీట. జానెడు ఎత్తు, బల్లపరుపు ఒళ్లు, ముందువైపు పళ్లెంలా పడుకుని తిరిగే ఉక్కు బిళ్ల. చక్రాలు ఒంటికన్నా ఎత్తుగా ఉంటాయి కాబట్టి వెల్లకిలా పడినా నడుస్తుంది.

మొదటి పోటీకి ముందు, బిళ్లను ఇరుసుకు పట్టి ఉంచే నట్టుకు ఎడమ మర కొయ్యమంది. మామూలు నట్టు కుడికి తిప్పితే బిగుస్తుంది, ఎడమ మర నట్టు ఎడమకు. బిళ్ల తిరిగే వైపును బట్టి మర ఎంచుకోకపోతే ఆ ఊపుకే నట్టు విప్పుకుపోతుంది. ఇది నాకు తెలియనిది కాదు. ఆమె కింది నుంచి చూసి గీసిన బొమ్మను నేను పై నుంచి చూసినట్టు చదివి కుడి మర కోసేశాను.

"బావా, ఇది తిరగబడింది" అంది చూసి.

"నువ్వు పుట్టకముందు నుంచి మరలు కోస్తున్నానమ్మా" అన్నాను.

పోటీలో మొదటి దెబ్బకే బిళ్ల ఒకవైపు, పీట ఒకవైపు పోయాయి. ఉక్కు నాసిరకం అని నలుగురిలో చెప్పేశాను. ఆమె ఒక్కసారి నా వైపు చూసి ఊరుకుంది. ఆ తర్వాత నోరు మెదపకుండా ఎడమ మర కోసి ఇచ్చాను. ఇచ్చాను గానీ ఒక మాట బాకీ పడ్డాను. చిన్న మాటే. నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

రెండో పోటీలో పీట వెల్లకిలా పడింది. అలా పడ్డప్పుడు చేతిలోని రిమోట్ పుల్లను ముందుకు నెడితే అది వెనక్కి పోతుంది. మరదలు తడబడింది, ఓడిపోయాం. మూడుసార్లు మొదటి ఆటలోనే ఓడిన జట్టును మళ్లీ పిలవరు. అందుకని ఏడాది పొడుగునా షాపు వసారాలో పీటను వెల్లకిలా వేసే నడిపింది. "ఇంట్లో తలుపు తొయ్యవే అంటే లాగుతోందండీ" అని మా ఆవిడ నవ్వేది.

మూడో పోటీలో మాకు ఎదురుపడింది పొత్రం అనే రోబో. దాని ముందు నిజంగానే పొత్రంలా బరువైన ఉక్కు దిమ్మ, పళ్లతో, గిర్రున తిరుగుతుంది. తగిలినదాన్ని పైకప్పుదాకా విసురుతుంది. నడిపేది కళ్లజోడు నుదుటిమీదికి తోసుకున్న ఒక వెల్డర్ తాత.

"ఏమ్మా, పీట వేశావు, కూర్చోమంటావా?" అన్నాడు.

"కూర్చోండి తాతా. లేపడం మాత్రం మా పని" అంది మరదలు.

తర్వాత నన్ను పక్కకు పిలిచింది. "బావా, చేతి గ్రైండర్ నడుస్తుండగా చటుక్కున తిప్పితే మణికట్టు మెలిపడుతుందిగా. ఆ పొత్రానికీ అదే రోగం. వేగంగా మలుపు తిరిగితే ఒకవైపు గాల్లోకి లేస్తుంది. మనం ఎదురు వెళ్లం. చుట్టూ తిరుగుదాం. అదే లేస్తుంది."

మందమైన అద్దాల గదిలో రెండింటినీ వదిలారు. బిళ్ల మూలిగింది, కూసింది, చివరికి ఎంత వేగం అందుకుందంటే కదలనట్టే కనిపించింది. నా చేత్తో చెక్కిన ఇనుమేనా ఇది?

పీట చుట్టూ తిరిగింది. పొత్రం దానికేసి తిరగబోయి, అంత బరువూ ఒంటి పక్క మీద నెమ్మదిగా లేచింది. ఎవరూ ఎత్తలేదు. కింద కనిపించని చెయ్యేదో పట్టుకున్నట్టు గాల్లో నిలబడింది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను. పీట దూసుకెళ్లేలోపే అది దిగి పళ్లతో అందుకుంది. పీట ఎగిరి వెల్లకిలా పడింది.

"అయిపోయింది" అంది మా ఆవిడ.

మరదలు చెయ్యి తడబడలేదు. వెనక్కి లాగింది, పీట ముందుకు పోయింది. తాత కంగారుగా తిప్పాడు. పొత్రం మళ్లీ లేచింది. గాల్లో ఉన్న చక్రం కింద బిళ్ల తగిలింది. ఆ చప్పుడు నా పక్కటెముకల్లో మోగింది. చక్రం ఊడి అద్దానికి కొట్టుకుంది. అదే క్షణాన పీట కూడా అంతే జోరుగా వెనక్కి ఎగిరి గోడను గుద్దుకుంది. కొట్టింది తనే అయినా పీటకు తగిలిన దెబ్బ వీసమెత్తు కూడా తగ్గలేదు. ఇంత నికరంగా పంచిపెట్టేది ఎవరు?

నిప్పురవ్వలు ఆరాక చూశాను. పొత్రం ఉన్నచోటే గిరగిరా తిరిగి ఆగిపోయింది. పీట మెల్లగా కదిలింది. బిళ్ల ఇంకా తిరుగుతోంది.

తాత వచ్చి మరదలి తల మీద చెయ్యి వేశాడు. "లేపి మరీ కొట్టావు కదే తల్లీ!"

మైకు పట్టుకున్న నిర్వాహకుడు అడిగాడు. "మొదటి పోటీలో ఈ బిళ్లే ఊడిపోయింది కదండీ. ఇంత దెబ్బకు ఈసారెలా నిలిచింది?"

"అప్పుడు ఉక్కు కాస్త నాసిరకం..." అని మొదలుపెట్టింది మరదలు, నా మొహం చూడకుండానే.

ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను దాచబోతోంది. నేను మైకు అందుకున్నాను.

"ఉక్కు మంచిదేనండి. మర తప్పు కోసింది నేను. ఎడమ మర అని ఆమె చెప్పింది. నేను వినలేదు. తప్పు నాది."

మా ఆవిడ నోరు తెరిచి చూస్తోంది. మరదలు చెంగుతో కళ్లు తుడుచుకుంటూ, "మైకు సరిగా పనిచేస్తున్నట్టు లేదు బావా. ఇంకోసారి చెప్పు" అంది.

ఇంకోసారి చెప్పాను.