బల్ల దగ్గర మింగేసిన మాట

అద్దాలాయనకు దేవుడి మీద అనుమానం ఎన్నడూ రాలేదు. అసూయ మాత్రం వచ్చింది, అదీ సొంత బావమరిది మీద.

ఆయన పని కళ్ళజోళ్ళు చెయ్యడం. కోర్టు వెనక సందులో చిన్న దుకాణం. గాజుబిళ్ళను తిరిగే రాయికి ఆనించి, నీళ్ళు చిలకరిస్తూ, ఫ్రేములో కూర్చునేదాకా అంచులు అరగదీసేవాడు. వెంట్రుకవాసి ఎక్కువ నొక్కితే బిళ్ళ పగులుతుంది. అంత ఓపికగల మనిషి కాబట్టే పద్నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం, ఆరాధన అయ్యాక, చర్చి పక్కగదిలో వాక్యపాఠం ఆయనే చెప్పేవాడు. పాస్టరుగారి ప్రసంగం అందరూ వినేవాళ్ళు. అర్థం కానిది ఉంటే మాత్రం అద్దాలాయన దగ్గరికి వచ్చి అడిగేవాళ్ళు. అన్నిటికంటే ఆయనకు పేరు తెచ్చింది త్రిత్వం మీద పాఠం, అంటే తండ్రి, కుమారుడైన క్రీస్తు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్క దేవుడేననే పాఠం. "ముగ్గురు దేవుళ్ళు కారు. ఒకే దేవుడు మూడు వేషాలు వెయ్యడమూ కాదు" అని మొదలుపెడితే గదిలో గోడవారగా నిలబడి వినేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. ఆ రోజు భోజనం కాస్త ఆలస్యమైనా ఆయనకు ఆకలి తెలిసేది కాదు.

ఆయన భార్యకు ఒక్కడే తమ్ముడు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దేవాడు. పెళ్ళయిన మూడేళ్ళకే అతని భార్య జ్వరంతో పోయింది. ఒంటరిగా ఉంటే మనిషి దక్కడని అక్క పోరుపెట్టి తన ఇంటికి తెచ్చుకుంది. వెనకగది ఖాళీ చేసి ఇచ్చారు. మొదటి ఆర్నెల్లూ అతను అచ్చాఫీసుకు వెళ్ళడం, రావడం, పెట్టింది తినడం, అంతే. అప్పట్లో అద్దాలాయనే పట్టుబట్టి అతన్ని పాఠానికి తీసుకెళ్ళాడు. మంచి మనసుతోనే తీసుకెళ్ళాడు, ఆ మాట ఒప్పుకోవాలి.

రెండో వారమో మూడో వారమో బావమరిది మొదటిసారి నోరు విప్పాడు.

"బావా, చిన్న సందేహం. చివరి దినం ఎప్పుడో కుమారుడికి కూడా తెలియదు, తండ్రికే తెలుసు అని క్రీస్తే అన్నాడు కదా. దేవుడికి తెలియనిది ఉంటుందా?"

"మనిషిగా తెలియదు. దేవుడిగా తెలుసు" అన్నాడు అద్దాలాయన.

"అంటే అదే ఆయనకు తెలుసు, తెలియదు కూడానా?"

గదిలో నవ్వులు వినిపించాయి. వెక్కిరింపు కాదు, తమ నాలుక చివర ఆడుతున్న ప్రశ్న ఇంకొకరు అడిగితే వచ్చే నవ్వు. అద్దాలాయన చెవులు వేడెక్కాయి. సమాధానం చెప్పాడు, బాగానే చెప్పాడు. కానీ ఆ రోజు పాఠం అయ్యాక జనం ఆయన చుట్టూ కాకుండా బావమరిది చుట్టూ మూగారు.

ఆ తర్వాత అదే వరస అయింది. అచ్చుతప్పులు పట్టీ పట్టీ అతని కన్ను అలా తయారైంది. ఎక్కడ మాట అతకలేదో అక్కడే ఆగేది. తన మహిమ ఇంకెవరికీ ఇవ్వనని ప్రవక్తతో అన్న దేవుడు కుమారుడికి ఎలా ఇచ్చాడు? తండ్రి తనకంటే గొప్పవాడన్న వాడు తండ్రితో సమానం ఎలా అవుతాడు? అతను వాదించేవాడు కాదు. అడిగి, తల వంచుకుని వినేవాడు. పాత రోజుల్లో ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసిన నర్సమ్మగారు, ఎవరినీ తేలిగ్గా మెచ్చుకోని మనిషి, ఒకరోజు కళ్ళజోడు బిగించుకోవడానికి దుకాణానికొచ్చి, "మీ బావమరిది వచ్చాకే గదిలో గాలి ఆడుతోందయ్యా" అంది. ఆయన స్క్రూ బిగిస్తూనే నవ్వాడు. ఆవిడ మెట్లు దిగాక చూసుకుంటే స్క్రూ మర అరిగిపోయేదాకా తిప్పాడని తెలిసింది.

ఇంట్లో అంతకంటే కష్టంగా ఉండేది. "తమ్ముడు మళ్ళీ మాట్లాడుతున్నాడు, అదే పదివేలు" అని భార్య మురిసిపోయేది. "వాడు చెప్తే చిన్నపిల్లకైనా అర్థమవుతుందండీ" అనేది. ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు. అయినా ఆయనకు అన్నం సయించేది కాదు. ఏకు మేకై కూర్చున్నాడు అనుకునేవాడు. అనుకున్నందుకు సిగ్గుపడి ప్రార్థన చేసేవాడు. ప్రార్థనలో కూడా బావమరిది మొహమే కనిపించేది.

ఒక ఆదివారం సాయంత్రం వాన. బావమరిది భోజనాల బల్ల దగ్గర ఆయనకెదురుగా వచ్చి కూర్చున్నాడు. భార్య వంటింట్లో గిన్నెలు సర్దుతోంది.

"బావా, గదిలో అడగలేనిది ఒకటుంది" అన్నాడు. చాలాసేపు బల్లమీది గీతను గోటితో గీరాడు. "క్రీస్తు తన స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడు కదా. మా ఆవిడ పోయినప్పట్నుంచీ నన్ను పట్టుకుని నిలబెట్టింది ఆ ఒక్క మాటే. కానీ ఆయన దేవుడే అయితే, ఇంకాసేపట్లో వాణ్ణి బతికించి లేపబోతున్నానని తెలిసే ఏడ్చాడు. తెలిసి ఏడిస్తే అది నటనే కదా. నాకు ఆ ఏడుపు నిజం కావాలి బావా. అందుకే ఆయన్ని దేవుడనడానికి ఈ మధ్య నాకు నోరు రావడం లేదు."

అద్దాలాయనకు జవాబు వెంటనే తట్టింది. పద్నాలుగేళ్ళ చదువంతా ఒక్క మాటగా నాలుక చివరికొచ్చింది. చెబితే ఈ మనిషి ఊపిరి పీల్చుకుంటాడని కూడా తెలుసు. అదే క్షణంలో ఇంకో ఆలోచన వచ్చింది. ఇక్కడ చెబితే వినేది వీడొక్కడే. రేపు దీన్నే ఇంకా అందంగా గదిలో చెప్పి, వీడే మెప్పు పొందుతాడు.

మాట మింగేశాడు. "ఇది చిన్న విషయం కాదు. సంఘం ముందే తేలాలి" అన్నాడు.

మర్నాడే పాస్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. క్రీస్తు దైవత్వం మీదే సందేహాలు పుడుతున్నాయి, బహిరంగంగా చర్చ పెట్టకపోతే సంఘం చీలుతుంది అన్నాడు. పాస్టరుగారు నెమ్మదస్తుడు. "మీ ఇంట్లో మనిషే కదా, ఇంట్లోనే కూర్చుని మాట్లాడుకోకూడదా?" అని అడిగాడు. "సత్యం విషయంలో చుట్టరికాలు చూడకూడదండి" అన్నాడు అద్దాలాయన. ఆ మాట ఆయనకే ఎంతో గొప్పగా వినిపించింది.

శనివారం పొద్దున చర్చి హాలు నిండిపోయింది. ఎదురెదురుగా రెండు బల్లలు వేశారు. బావమరిది నాలుగు కాగితాలతో వచ్చాడు. పోటీకి వచ్చినట్టు కాక, ఏదో తెలుసుకోవడానికి వచ్చినట్టు వచ్చాడు. మొదటి గంటంతా అతని ప్రశ్నలే నిలబడ్డాయి. మహిమ సంగతి మళ్ళీ అడిగాడు. "ఇవ్వడం, పుచ్చుకోవడం కాదు. అది మొదట్నుంచీ ఇద్దరిదీ. తండ్రికి కుమారుడి మీద ఈర్ష్య లేదు" అన్నాడు అద్దాలాయన. కొందరు తలూపారు, కానీ నర్సమ్మగారు ఇంకా బావమరిది వైపే చూస్తోంది.

అది చూశాక ఆయన ఆగలేకపోయాడు.

"ఈయనకు అడ్డం వచ్చింది వాక్యం కాదు, భార్య చావు" అన్నాడు. "క్రీస్తును దేవుడనడానికి నోరు రావడం లేదని మా ఇంట్లో నా ఎదుటే అన్నాడు. సమాధి దగ్గర ఆ ఏడుపు నటన అవుతుందట." తర్వాత తన జవాబు చెప్పాడు. "కుమారుడు తనను తాను తగ్గించుకుని నిజంగా మనిషి అయ్యాడు. మన ఏడుపే ఏడ్చాడు. ఏడ్చినవాడు దేవుడు కాకపోతే ఆ కన్నీళ్ళు మనలాంటి ఇంకో మనిషివి, అంతే. దేవుడే అయితే, మన దుఃఖం దేవుడి కంట్లోకి వెళ్ళింది. లేపబోతున్నానని తెలిసీ ఏడ్చాడంటే, చావు ఆయనకు కూడా చిన్న విషయం కాదు."

హాలంతా ఆమెన్ అంది. వెనక ఎవరో ఏడ్చారు. బావమరిది కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "బావ చెప్పింది బాగుంది" అని మెల్లిగా అని, పక్కతలుపు గుండా బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చేసరికి వెనకగది ఖాళీగా ఉంది. భార్య బల్ల దగ్గర కూర్చుని ఉంది.

"అచ్చాఫీసు మేడమీద గది ఉందట. వెళ్ళిపోయాడు" అంది. "ఒకటి అడుగుతాను. ఇవాళ చెప్పిన జవాబు మీకు ఎప్పుడు తట్టింది?"

ఆయన చెప్పులు విప్పుతూ ఉండిపోయాడు.

"వాన రోజు వాడు ఇక్కడ కూర్చుని అడిగినప్పుడే తట్టిందా? నేను వంటింట్లోనే ఉన్నాను. మీరు ఏం చెబుతారా అని గిన్నె చేత్తో పట్టుకుని నిలబడ్డాను."

"తట్టింది" అన్నాడు.

"తండ్రికి కుమారుడి మీద ఈర్ష్య లేదని ఎంత బాగా చెప్పారండీ" అంది భార్య. గొంతు పెంచలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళింది. ఆ తర్వాత చాలా రోజులు ఆయనతో అవసరానికి మించి మాట్లాడలేదు.

తర్వాతి ఆదివారం పాఠానికి గది కిటకిటలాడింది. ఆ పైవారం సగమైంది. నెల తిరిగేసరికి పదిమంది కూడా లేరు, ఆ వచ్చినవాళ్ళూ నోరు విప్పేవాళ్ళు కాదు. ఏమైనా సందేహాలున్నాయా అని ఆయన అడిగితే అందరూ నేల చూపులు చూసేవాళ్ళు. చివరికి నర్సమ్మగారే చెప్పింది. "నీకు జవాబులు తెలుసయ్యా, కాదనం. నిన్ను అడగాలంటేనే భయంగా ఉంది. మా ఇంటి ఏడుపులు కూడా ఎప్పుడో ఒక రోజు హాల్లో వినాల్సి వస్తుందేమోనని."

రెండు రోజులు దుకాణంలో ఆయన చేతికి పని సాగలేదు. మూడో రోజు మధ్యాహ్నం తాళం వేసి అచ్చాఫీసుకు వెళ్ళాడు. యంత్రాల రొద, సిరా వాసన. బావమరిది ఎర్ర పెన్ను పట్టుకుని కాగితాల మీద వంగి ఉన్నాడు. బావను చూసి లేచి కుర్చీ ఇచ్చాడు. ఆ మర్యాద చూస్తే ఆయనకు ఇంకా మొహం చెల్లలేదు.

"నీ మీద కుళ్ళుకున్నాను" అన్నాడు కూర్చోకుండానే. "సత్యం కోసం అని చెప్పుకున్నాను కానీ అంతా కుళ్ళే. ఆ రోజు చెప్పాల్సింది దాచుకుని, దాంతోనే నిన్ను నలుగురిలో కొట్టాను. క్షమించమని అడగడానికి వచ్చాను."

బావమరిది ముందున్న కాగితాలు పక్కకు జరిపాడు.

"మీరు చెప్పింది నిజమేనని నాకు అక్కడే అనిపించింది బావా" అన్నాడు. "అందుకే ఎక్కువ బాధేసింది. ఇంకెవరి నోట విన్నా ఆ మాట పట్టుకుని ఏడ్చేవాణ్ణి. ఇప్పుడు అది తలుచుకుంటే హాల్లో అందరి మొహాలూ గుర్తొస్తాయి."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఏమీ వద్దు. కాస్త టైము పడుతుంది." పెన్ను మూత పెట్టాడు. "అక్కను చూడటానికి వస్తుంటాను."

అన్నట్టే వచ్చేవాడు. అద్దాలాయన పాఠం మానేస్తానని పాస్టరుగారికి చెప్పాడు, అందరి ముందూ లేచి, ఎందుకు మానేస్తున్నాడో కూడా చెప్పాడు. ఏడాది తిరిగాక బావమరిది మళ్ళీ ఆరాధనకు రావడం మొదలుపెట్టాడు. పాటలు పాడేవాడు. క్రీస్తును దేవుడని కీర్తించే చరణం దగ్గర ఒక్కోసారి పాడేవాడు, ఒక్కోసారి ఊరుకునేవాడు. ఎవరూ అడగలేదు. అతని దగ్గరైతే జనం భయపడకుండా అడుగుతారని, కొన్నాళ్ళకు పాస్టరుగారు పక్కగదిలో పాఠం అతనికే అప్పగించారు.

అద్దాలాయన ప్రతివారం వెళ్ళి వెనక బెంచీలో కూర్చునేవాడు. జనం మునుపటికంటే ఎక్కువగా వచ్చేవాళ్ళు. బావమరిది మంచి మాటేదైనా అన్నప్పుడు ఆయన గుండెలో పాత మంట లేచేది. అది ఇక పోదని ఆయనకు అర్థమైంది. లేచి వెళ్ళిపోకుండా బెంచీ అంచు గట్టిగా పట్టుకుని, పాఠం అయ్యేదాకా వినేవాడు.