చక్రం మీద పలికితేనే సాక్ష్యం

సభ నుంచి వచ్చిన మా యజమాని నికోబులస్ మంచి హుషారుగా ఉన్నాడు. ఏథెన్స్ పౌరుణ్ణి హింసించరాదన్న చట్టాన్ని ఎవడో ఎత్తేయబోతే, తానూ చెయ్యెత్తి అడ్డుకున్నాడట. అదంతా చెప్పి, తన కాళ్లు కడుగుతున్న మా తోటి బానిస సిరిస్కాతో అన్నాడు:

"రేపు నిన్ను హింసచక్రానికి కట్టిస్తున్నా."

పక్కింటి ఎర్గియాస్‌కీ మా యజమానిలాగే బానిసలు పిండి విసిరే తిరగళ్ల కొట్టం ఉంది. మురుగుకాలువ తగాదాలో యజమానులిద్దరూ మా గుమ్మంలోనే కొట్టుకున్నారు. ముందు చెయ్యెత్తిందెవరన్నదే ఇప్పుడు వ్యాజ్యం. అప్పుడు సిరిస్కా అక్కడే ఉంది.

"ఊరికే అడిగితే చెప్తాను గదయ్యా," అంది సిరిస్కా.

"బానిస మాట ఊరికే చెల్లదు. ఒళ్లు విరిచి రాబట్టిందే న్యాయస్థానం నమ్ముద్ది. ఎర్గియాస్ ఒప్పుకున్నాడు. నీ కాలు పోతే నాకు పరిహారం కూడా ఇస్తాడు."

కాలు ఆమెది, పరిహారం ఆయనకి.

కొట్టంలో మాకందరికీ పెద్దదైన మానియా తిరగలి ఆపలేదు. "గుమ్మం దగ్గర మనమంతా ఉన్నాం. అందరం చూశాం. అదే చెబుదాం."

"అందర్నీ కడతారక్కా," అంది మెలిట్టా. "గుళ్లోకి పారిపోదాం. అక్కడ ముట్టుకోరు."

"ముట్టుకోరు. ఇంకొకడికి అమ్ముతారు. అక్కడా ఇదే రాయి, ఇదే చక్రం."

"నాకు భయమేస్తోంది."

"నాకు మాత్రం వెయ్యట్లేదా? అందర్నీ కడితే పిండెవడు విసురుతాడే, ఆయనా?"

పొద్దున్నే ఎర్గియాస్‌తో పాటు, చక్రం మీద చెప్పింది వినడానికి పెద్దమనుషులు అంజూరపళ్లు నములుతూ వచ్చారు. సిరిస్కాను పట్టుకోబోతే మానియా అడ్డం నిలబడింది. వెనక మేమందరం.

"మేమూ చూశాం. ముందు చెయ్యి చేసుకుంది మా అయ్యే. చక్రం మీదా అదే చెబుతాం."

ఎర్గియాస్ పగలబడి నవ్వాడు. "కట్టించవోయ్ అందర్నీ, కట్టించు."

మా యజమాని మొహం నల్లబడింది. సాక్ష్యం అక్కర్లేదని అందరినీ పంపేశాడు.

ఆ సాయంత్రమే మానియాను వెండిగనుల వాడికి అమ్మేశాడు. ఆ గనుల్లోకి దిగినవాళ్లు తిరిగి రారు. ఆమె కాళ్ల గొలుసు చప్పుడు వీధిలో వినబడుతుండగానే సిరిస్కా రాయి మీంచి చెయ్యి తీసేసింది. మేమూ తీసేశాం.

"విసరండే," అన్నాడు యజమాని. కర్ర తెచ్చాడు. మెలిట్టా వీపు చిట్లింది. ఒక్క చెయ్యీ రాయి మీదికి పోలేదు.

"పక్క కొట్టం చూసి సిగ్గు తెచ్చుకోండి. వాళ్లు విసరట్లా?"

నిజమే, గోడవతల తిరగళ్లు తిరుగుతున్నాయి. మెలిట్టా నెత్తురు కారుతున్న వీపుతోనే పాక్కుంటూ గోడ దగ్గరికి పోయి, మానియాకు జరిగింది గట్టిగా చెప్పింది.

అవతల ఒక తిరగలి ఆగింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత తన కొట్టంలో ఎర్గియాస్ అరుస్తున్న అరుపు తప్ప మరేమీ వినబడలేదు.